పేలలేదంటే ఖాళీ అని కాదు

తిమ్మాజిపేట చుట్టుపక్కల లైసెన్సు తుపాకీ ఉన్న ఇల్లు దొరకడం కష్టం. తుపాకీలాంటి చప్పుడు మాత్రం చేలల్లో కొత్తేమీ కాదు. మక్క కంకి పాలు పోసుకుంటే కోతులు దిగుతాయి, బుడ్డలు ఊరితే రాత్రిపూట పందులు తవ్విపోస్తాయి. కోతుల కోసం 2020లో నిర్మల్ దగ్గర చించోలిలో పునరావాస కేంద్రం తెరిచారు గానీ ఆ కబురు పాలమూరు కోతులకు అందినట్టు లేదు. కాబట్టి రైతు చేతికి పైపు తుపాకీ వచ్చింది. కార్బైడ్ గన్ అంటే అదే.

బొమ్మలా కనిపిస్తుంది గానీ పని తుపాకీదే. కార్బైడ్‌కు నీళ్లు తగిలితే ఎసిటిలిన్ గ్యాసు పుడుతుంది. గాలిలో రెండున్నర శాతం చేరినా చాలు, పొయ్యి లైటర్ నిప్పురవ్వకు పేలుతుంది. వెల్డింగ్‌కు వాడేదీ ఈ గ్యాసే. మామిడికాయలు మాగబెట్టడానికి నిషేధించింది ఈ కార్బైడ్‌నే.

అసలు తుపాకీ పట్టే షూటింగ్ రేంజిలో గురి కంటే ముందు జాగ్రత్త నేర్పుతారు. ప్రతి తుపాకీలోనూ గుండు ఉందనే అనుకోవాలి. గొట్టం మనిషి వైపు తిప్పకూడదు. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. గురి వెనక ఏముందో చూసుకోవాలి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కు 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన ఎయిర్ రైఫిల్‌లో వాడేది 4.5 మిల్లీమీటర్ల గుండు. అంత చిన్న గుండు తుపాకీకి కూడా, కాల్చని వేళ గొట్టంలో రంగు తీగ దూర్చి ఉంచాలన్నది ఇప్పటి పోటీల నియమం. ఖాళీగా ఉందని దూరం నుంచే అందరికీ కనపడాలి.

ఇంకో నియమం ఉంది. మన చేలకు అన్నిటికంటే అవసరమైనది అదే. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే, గొట్టం గురి వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

గట్టు మీద జరిగేది దీనికి తలకిందులు. లైటర్ టక్కుమంటుంది, పైపు పేలదు. రెండుసార్లు ఊపుతారు. ఊపితే గ్యాసు ఇంకా పుడుతుంది. "పేల్తలేదేందిరా" అని మూతిలోకి తొంగి చూస్తారు, లైటర్ మీద బొటనవేలు అట్లాగే ఉంటుంది. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఈ పైపులనే ఆటవస్తువులుగా అమ్మితే వందమందికి పైగా పిల్లలు కంటి గాయాలతో ఆస్పత్రుల పాలయ్యారు. కొందరికి చూపు పోయింది. కాలినందుకే కాదు, కార్బైడ్ కరిగితే మిగిలేది సున్నం. అది కంటిపొరను తినేస్తుంది. కన్ను నలపకుండా, వెంటనే కనీసం అరగంట మంచినీళ్లు పోస్తూ కడగాలి. తర్వాత ఇంటి వైద్యం వద్దు, నేరుగా కంటి డాక్టర్ దగ్గరికే.

నాటు తుపాకీ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా అది ఇంట్లో ఉండటమే నేరం.

పైపును పారేయమని రైతుకు చెప్పను. పంట పోతే నష్టం నాది కాదు, ఆయనది. కానీ అది పిల్లల చేతికి పోకూడదు. పేలకపోతే లైటర్ పక్కన పడేసి, మూతి మనుషుల్లేని వైపు పెట్టి, గ్యాసు పోయేదాకా దూరంగా నిలబడాలి. వ్యవసాయాధికారులకు ఒక విన్నపం. రైతువేదికలో విత్తనాలు, ఎరువుల గురించి చెప్పే రోజుల్లో ఒక్క రోజు ఈ పైపును బల్ల మీద పెట్టి, పేలనప్పుడు ఏం చేయాలో చూపించండి. మక్కలు పాలు పోసుకునే లోపే చూపించండి.