వీసా ప్రార్థనకు ముందు చేయాల్సిన పని

మన సంఘాల్లో ఈ మధ్య ఒక ప్రార్థన మనవి తరచుగా వినిపిస్తోంది. వెనకటి తరంలో గనిలోకి దిగినవాడు క్షేమంగా పైకి రావాలని, మిల్లు మూతపడకూడదని, పిల్లకు సంబంధం కుదరాలని చీటీలు వచ్చేవి. ఇప్పుడు బెంగళూరులో, చెన్నైలో, బళ్లారిలో, రాయగడలో ఎక్కడ ఆరాధనకు కూర్చున్నా ఆ చీటీల్లో వీసా ఒకటి ఉంటోంది. వీసా వస్తే కృతజ్ఞత కూడిక, భోజనాలు, సాక్ష్యం. రాకపోతే ఆ ఇంటివాళ్లు రెండు వారాలు గుడికే రారు.

ప్రార్థన చేయడానికి మాకు అభ్యంతరం లేదు. మా బాధ వేరు. ఆ చీటీ మా చేతికి వచ్చేసరికి ఇల్లు తాకట్టులో ఉంటోంది, తల్లి గాజులు బ్యాంకులో ఉంటున్నాయి, కన్సల్టెన్సీకి కట్టాల్సింది కట్టేసి ఉంటున్నారు. ఏ దేశం, ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు అన్నది ఎవరో తేల్చేశాక మిగిలినదానికి మమ్మల్ని ఆమేన్ అనమంటున్నారు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోవడం గురించి ప్రభువు చెప్పిన ఉపమానం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆ లెక్క మన పిల్లలతో కలిసి వేసిన సంఘాలు ఎన్ని ఉన్నాయి?

బాబాయో మేనమామో ముందే అమెరికాలో ఉన్న ఇళ్లలో పిల్లవాడికి ఇంటర్ నాటికే కొన్ని సంగతులు తెలుస్తాయి. ఏ నెలలో దరఖాస్తు చేయాలి, ఏ ప్రొఫెసర్ దగ్గర ఉత్తరం తీసుకోవాలి, ఏ కాలేజీ పేరుకే కాలేజీ అన్నవి భోజనాల దగ్గరే చెవిన పడతాయి. అది కూడా ఆస్తే. పొలం పంచుకున్నట్టే వాళ్లు దాన్ని పంచుకుంటారు. కోలార్ గనుల్లో, రైల్వే కాలనీల్లో, షోలాపూర్ మగ్గాల దగ్గర, మున్సిపాలిటీ చీపురు పట్టుకుని బతుకు మొదలుపెట్టిన మన పెద్దలకు ఆ ఆస్తి లేదు. ఆ ఖాళీలోకే కన్సల్టెన్సీ వచ్చి కూర్చుంది.

డాక్టర్ అంబేడ్కర్ 1913లో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లింది బరోడా మహారాజు ఇచ్చిన ఉపకార వేతనంతో. అక్కడి నుంచి లండన్ చేరినా, ఉపకార వేతనం గడువు ముగియడంతో 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టారు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం చేశారు, ఒక పార్సీ స్నేహితుడు అప్పిచ్చాడు. 1920లో మళ్లీ వెళ్లి మిగిలింది పూర్తి చేశారు. మన గోడల మీద ఉన్న ఆ పటం వెనుక ఇంత డబ్బు లెక్క, ఇంత ఓర్పు ఉన్నాయి. అది పిల్లలకు చెప్పకుండా కోటు, టై మాత్రమే చూపిస్తున్నాం.

కన్సల్టెన్సీలన్నీ మోసమని మేము అనడం లేదు. వాళ్ల ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోమంటున్నాం. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లోని చాలా యూనివర్సిటీలు తాము చేర్చుకున్న ఒక్కో విద్యార్థికి ఇంత అని ఏజెంటుకు కమీషన్ ఇస్తాయి. అందుకే కొన్నిచోట్ల సలహా ఉచితం. ఆ ఉచిత సలహా ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు ఎక్కువ భాగం ట్యూషన్ ఫీజు తీసుకోవు, సెమిస్టర్‌కు కొన్ని వందల యూరోల రుసుముతో సరిపోతుంది. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం ఐరోపా యూనియన్ బయటి విద్యార్థుల నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటుంది. ఇంగ్లీషులో చెప్పే మాస్టర్స్ కోర్సులు కూడా ఉన్నాయి. ఫీజే లేనిచోట కమీషన్ ఎక్కడిది? అందుకే ఆ దారి గురించి మన పిల్లలకు ఆలస్యంగా తెలుస్తోంది.

అక్కడా ఖర్చు ఉంది, దాచడం దేనికి! ఏడాది బతకడానికి 11,904 యూరోలు ముందుగా ఒక ప్రత్యేక ఖాతాలో వేసి చూపాలి. రూపాయల్లో పది పన్నెండు లక్షలు. కానీ అది ఫీజు కాదు, నెలకు 992 యూరోల చొప్పున విద్యార్థి ఖర్చుకే తిరిగి వస్తుంది. మన సర్టిఫికెట్లు అసలువేనని తేల్చే ఏపీఎస్ పత్రం కూడా కావాలి, దానికి సమయం పడుతుంది. జర్మన్ భాష రాకుండా అక్కడ ఉద్యోగం వెతకడం చాలా కష్టం కాబట్టి డిగ్రీ రెండో ఏడాదిలోనే భాష మొదలుపెట్టాలి. ఇది ఆరు నెలల్లో అయ్యే పని కాదు, ఏడాదిన్నర కావాలి.

ఇక అప్పు సంగతి. ముప్పై లక్షల లోన్, పన్నెండు శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుందాం. నెలవారీ వాయిదా సుమారు 43 వేలు అవుతుంది. చదువుకునే రెండేళ్లూ నెలకు ముప్పై వేల చొప్పున వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అబ్బాయికి అక్కడ ఉద్యోగం వస్తే ఇది మోయగలిగిన బరువే. రాకపోతే ఆ 43 వేలు కట్టాల్సింది రిటైరైన తండ్రి. లోన్ కాగితాల మీద సంతకం పెట్టేముందు ఈ రెండో ప్రశ్న ఇంట్లో గట్టిగా అడిగినవాళ్లను మేము చాలా తక్కువగా చూశాం. అడిగితే విశ్వాసం లేనట్టు అనుకుంటారేమో!

తొందర ఎంత దూరం తీసుకుపోతుందో తెలుగువాళ్లకు రెండుసార్లు తెలిసొచ్చింది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది తెలుగు పిల్లలే, కొందరి కాళ్లకు ఎలక్ట్రానిక్ పట్టీలు కట్టారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అసలు యూనివర్సిటీయే కాదు, అమెరికా అధికారులే వల వేయడానికి పెట్టింది. అందులోనూ మనవాళ్లే పెద్ద సంఖ్యలో దొరికారు. ఖాతాలో చూపించడానికి కొన్నాళ్లు డబ్బు అద్దెకిచ్చే వ్యాపారం ఇప్పుడు ఊరూరా ఉంది. బ్రిటన్ వీసాకు ఆ డబ్బు 28 రోజులు వరసగా ఖాతాలో నిలిచి ఉండాలి, అది ఎక్కడి నుంచి వచ్చిందని అధికారి అడగవచ్చు కూడా. అబద్ధంతో తెచ్చుకున్న వీసాకు మా సంఘాల్లో కృతజ్ఞత కూడిక పెట్టకూడదని మేము ఖండితంగా అంటున్నాం. కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి.

ఉపకార వేతనాల దగ్గరికి వస్తే, మనకు జరిగిన అన్యాయం ఇక్కడే స్పష్టంగా కనబడుతుంది. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 125 సీట్లుంటే 115 షెడ్యూల్డ్ కులాలవారికి. ఫీజు, బస, విమానం టికెట్ వరకూ ఇస్తారు. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా దళిత క్రైస్తవుణ్ణి ఆ జాబితా బయట నిలబెట్టింది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, మనల్ని ఇప్పటికీ చేర్చలేదు. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యా రుణాల వడ్డీ భరించే పఢో పరదేశ్ పథకాన్ని కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది. అంటే కులం పేరుతో వచ్చేది మతం చూసి ఆపారు, మతం పేరుతో వచ్చేదాన్ని పూర్తిగా మూసేశారు. ఈ మాట సభల్లో, వినతి పత్రాల్లో చెబుతూనే ఉండాలి. పోరాటం తేలేలోగా పిల్లవాడి వయసు ఆగదు కాబట్టి మిగిలిన తలుపులూ తట్టాలి.

అదే నేషనల్ ఓవర్సీస్ పథకంలో భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తులవాళ్ల పిల్లలకు నాలుగు సీట్లున్నాయి. తక్కువే, కానీ ఆ పేజీ మనవాళ్లు తెరిచి చూడరు. షెడ్యూల్డ్ తెగలకు మతం అడ్డు కాదు, వాళ్లకు గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా ఇచ్చే 20 సీట్లు వేరే ఉన్నాయి. ఒడిశా సంఘాల కాపరులు ఇది గమనించాలి. మైనారిటీలకు తక్కువ వడ్డీకి రుణమిచ్చే కేంద్ర సంస్థ విదేశీ చదువుకు 30 లక్షల వరకు ఇస్తుంది, దరఖాస్తు మాత్రం రాష్ట్రాల నిగమాల ద్వారా చేయాలి. తమిళనాడులో టామ్కోను, మహారాష్ట్రలో మౌలానా ఆజాద్ మహామండలిని, కర్ణాటకలో మైనారిటీల అభివృద్ధి నిగమాన్ని అడగాలి. మన పిల్లలు తరచూ హైదరాబాదు బంధువులు చెప్పిన పథకాల వెంట పడతారు. తెలంగాణ క్రైస్తవ విద్యార్థులకు అక్కడి ప్రభుత్వం 20 లక్షలు ఇస్తున్నమాట నిజమే, అయితే అది అక్కడ స్థిరనివాసం ఉన్నవాళ్లకు. ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్ల బళ్లారి పిల్ల తెలంగాణ పిల్ల కాదు.

సరిహద్దు దాటినవాళ్ల ధృవపత్రాల గోడు పాతదే. తెనాలిలో పుట్టి తొమ్మిదేళ్లప్పుడు బొంబాయి చేరిన ఒక తెలుగు విద్యార్థి, ఆంధ్రలో ఇచ్చిన తెగ ధృవపత్రంతో మహారాష్ట్రలో వైద్య సీటు అడిగితే, అది అక్కడ చెల్లదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. కేంద్ర పథకాలకు మాత్రం తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన పత్రం ఆధారంగా పిల్లలు పొందే వీలుంది. తాతగారి ట్రంకు పెట్టెలో పసుపు రంగుకు తిరిగిన కాగితాలు పారేయకండి.

ప్రభుత్వాలు కాక బయటివారి ఉపకార వేతనాలున్నాయి. బ్రిటన్ ఇచ్చే చీవెనింగ్‌కు 2,800 గంటల పని అనుభవం కావాలి. జీతం లేని స్వచ్ఛంద సేవను కూడా అందులో లెక్కిస్తారు. ఈ ఒక్క సంగతి కాపరులంతా గుర్తుంచుకుంటే చాలు. మన యౌవనులు బస్తీల్లో సాయంకాలం ట్యూషన్లు చెబుతారు, వరదల్లో బియ్యం మోస్తారు, ఆసుపత్రుల్లో రక్తం కోసం తిరుగుతారు. వీటిలో ఏదీ రాసిపెట్టం. ఏ తేదీ, ఎన్ని గంటలు, ఎంతమంది పిల్లలు అని ఒక రిజిస్టర్ పెట్టి సంఘం ముద్ర వేస్తే అది దరఖాస్తులో ప్రాణమున్న భాగం అవుతుంది. "ఈ సహోదరుడు దైవభక్తి గలవాడు" అని మేము ఇచ్చే ఉత్తరం ఏ కమిటీకీ పనికిరాదు. జర్మనీ డాడ్ సంస్థ అభివృద్ధికి సంబంధించిన కోర్సులకు ఇచ్చే వేతనానికి రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు. ఐరోపా యూనియన్ ఎరాస్మస్ ముండస్‌లో ఫీజు లేదు, పైగా నెలకు 1,400 యూరోలు ఇస్తారు. చాలా కోర్సుల గడువులు అక్టోబరు, జనవరి మధ్య ముగుస్తాయి. వేదాంత విద్యార్థులు జెనీవా దగ్గరి బోసే సంస్థ వైపు చూడవచ్చు.

ఆడపిల్లల విషయంలో ఒక మాట. అబ్బాయి కోసం ఇల్లు తాకట్టు పెట్టే తండ్రి, అమ్మాయికి పూర్తి ఉపకార వేతనం వచ్చినా ముందు పెళ్లి అంటున్నాడు. ఇద్దరిలో చదువులో ముందున్నది ఎవరో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. సంఘ పెద్దలు ఆ ఇంటికి వెళ్లి మాట్లాడాలి, పెళ్లి సంబంధానికి వెళ్లినంత ఉత్సాహంగా.

సంఘం పెట్టాల్సిన ఖర్చు పెద్దది కాదు. నెలకు ఒక శనివారం, రెండు ల్యాప్‌టాప్‌లు, ఇంగ్లీషు బాగా వచ్చిన ఒక రిటైర్డు టీచరమ్మ, విదేశాల్లో చదువుతున్న మనవాళ్లలో ఒకరితో ఫోన్‌లో అరగంట. జర్మనీ యూనివర్సిటీలు చాలావరకు దరఖాస్తులు తీసుకునే ఉని-అసిస్ట్‌కు మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, తర్వాతి ఒక్కోదానికి 30 కట్టాలి. ఆ డబ్బు లేక ఒకే ఒక్కచోట దరఖాస్తు చేసి ఆగిపోతారు. కొత్త స్పీకర్లకు చందా వేసే చేతులు దీనికీ కొంత వేయగలవు.

డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ వారమే చేయదగిన పని ఒకటుంది. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్టు, బాప్తిస్మం పత్రం పక్కపక్కన పెట్టి పేరు చూడండి. మన ఇళ్లలో బడికి ఒక పేరు, గుడికి ఒక పేరు ఉండటం మామూలే, దాని వెనుక ఉన్న భయాలు మాకు తెలుసు. తమిళనాడు, కర్ణాటకల్లో పేరుకు ముందు ఒక అక్షరం తప్ప ఇంటిపేరు ఉండదు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో వెళితే అమెరికా వీసాలో మొదటి పేరు తెలియదన్న అర్థంలో ఎఫ్ఎన్‌యూ అని అచ్చు వేస్తారు, బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి అన్నిచోట్లా దానితో తిప్పలే. పేరు సరిచేయాలంటే అఫిడవిట్, పత్రికా ప్రకటన, కొన్నిసార్లు గెజిట్, తర్వాత కొత్త పాస్‌పోర్టు. నెలలు పట్టే పని. ఇంటిపేరు ఏమని రాయించాలో అమ్మానాన్నలతో కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి.