పాత సామాను నాకివ్వండి

కారును సర్వీసింగుకు ఇచ్చినప్పుడు ఈమధ్య నేనొక పని చేస్తున్నాను. జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు, ఆ కాగితం అడుగున నా చేతివ్రాతతో ఒక వాక్యం రాస్తున్నాను: "మార్చిన ప్రతి పాత సామానూ నాకు తిరిగి ఇవ్వవలెను." ఎదుటి కుర్చీలోని యువకుడు మొదట కాగితం వంకా, తరువాత నా వంకా చూస్తాడు. "పాతవి ఏం చేసుకుంటారు సార్, చెత్తే కదా!" అంటాడు. చెత్తే. కానీ ఆ చెత్త నాకు కావాలి. ఎందుకు కావాలో చెప్పడానికే ఈ టపా.

రెండేళ్ల క్రితం కార్తీకమాసంలో విజయవాడ నుంచి శ్రీశైలం వెళ్లాము. కారులో నేను, నా భార్య, మా అమ్మ, పదేళ్ల మా అమ్మాయి. ప్రయాణానికి మూడు వారాల ముందే కారును కంపెనీవారి సర్వీసు కేంద్రంలో ఇచ్చి, అడిగినదంతా చెల్లించి తెచ్చుకున్నాను. దర్శనం బాగా జరిగింది. తిరుగు ప్రయాణంలో దోర్నాల వైపు నల్లమల ఘాటు దిగుతున్నాము. ముందొక బస్సు, వెనకొక బస్సు. పావుగంట దిగేసరికి బ్రేకు పెడలు కాలికింద మెత్తగా తగిలింది. తరువాతి మలుపులో ఇంకొంచెం లోపలికి పోయింది. ఆ పై మలుపులో దాదాపు నేలను తాకింది. గేరు తగ్గించి, చేతి బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ, రోడ్డు వెడల్పైన ఒక చోట కొండవైపు కారు ఆపగలిగాను. అమ్మకు ఏమీ తెలియలేదు. "కోతుల కోసం ఆపావా?" అంది. నా భార్యకు తెలిసింది. ఆవిడ ఒక్క మాటా అనకుండా పిల్ల చెయ్యి పట్టుకుని దిగి, దూరంగా వెళ్లి నిలబడింది.

ముప్పావుగంట తరువాత పెడలు మళ్లీ గట్టిపడింది, ఏమీ జరగనట్టే. ఒకటో గేరులో, రెండో గేరులో, నత్తనడకన దోర్నాల చేరాము.

మరునాడు ఆటోనగర్‌లో మాకు ఏళ్లుగా తెలిసిన మేస్త్రి దగ్గరకు కారు తీసుకువెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి, బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసి లోపలికి చూశాడు. "ఇది ఎప్పుడు మార్పించారు సార్?" అని అడిగాడు. "పోయిన నెలలోనే" అని బిల్లు చూపించాను. ఆయన ఏమీ అనలేదు. కొత్త సీసా సీలు విప్పి ఒక గాజు గ్లాసులో కొంచెం పోశాడు. మరో గ్లాసులో మా కారులోది తీశాడు. కొత్తది లేత పసుపు రంగులో ఉంది. మాది కాఫీ డికాక్షన్‌లా ఉంది. రెండూ చూపించి, "ఘాట్ ఏ గేరులో దిగారు?" అన్నాడు. "మూడో గేరు" అన్నాను. "ఎక్కిన గేరులోనే దిగాలి సార్. తప్పు సగం ఆయిల్‌ది, సగం మీది" అన్నాడు.

ఆ సగం తప్పు నేను ఒప్పుకుంటున్నాను. కొండ దిగేటప్పుడు బండి బరువును ఇంజనుతో పట్టించాలి కాని బ్రేకుతో కాదని పాతికేళ్లుగా బండి నడుపుతున్నవాడికి ఒకరు చెప్పవలసి రావడం సిగ్గుచేటే. మిగిలిన సగం గురించి చెబుతాను.

బ్రేకు ఆయిల్ అని మనం పిలిచేది నిజానికి నూనె కాదు. అది గాలిలోని తేమను పీల్చుకునే గుణమున్న ద్రవం. మన కార్లలో ఎక్కువగా వాడే డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. దాదాపు నాలుగు శాతం నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. డాట్ 3 రకానికి ఈ అంకెలు 205, 140. ఘాటు దిగుతూ ఎడతెరిపి లేకుండా బ్రేకు తొక్కితే ఆ వేడి చక్రాల దగ్గరి ద్రవానికి పాకుతుంది. పాత ద్రవం మరిగి, గొట్టాలలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. అందుకే పెడలు నేలకు పోతుంది, బండి ఆగదు. చల్లబడితే బుడగలు మాయమై అంతా మామూలుగా కనిపిస్తుంది. మా కారు పుస్తకంలో దీన్ని రెండేళ్లకొకసారి మార్చమని స్పష్టంగా అచ్చువేశారు. ఆ పుస్తకం ఎనిమిదేళ్లుగా డాష్‌బోర్డు అరలోనే ఉంది, ప్లాస్టిక్ కవరుతో సహా.

సర్వీసు కేంద్రానికి వెళ్లి అడిగాను. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. కంప్యూటరులో చూసి, "ఇన్ని కిలోమీటర్ల సర్వీసు అని నొక్కగానే పనుల జాబితా దానంతట అదే వచ్చేస్తుంది సార్. ప్యాకేజీలో ఉంది కాబట్టి బిల్లులో పడింది. పని జరిగే ఉంటుంది" అన్నారు. ఆ "ఉంటుంది" అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. చివరకు డబ్బు వెనక్కి ఇచ్చారు. దానితోపాటు, జరిగిన అసౌకర్యానికి పరిహారంగా, కారు లోపలి శుభ్రతకూ పైన మెరుగు పెట్టడానికీ ఒక ఉచిత కూపను చేతిలో పెట్టారు. బ్రేకు పడలేదని వెళ్తే పాలిష్ పెడతామన్నారు. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు అన్నది ఏ బండిని చూసి అన్నారో కాని, ఆ రోజు నాకు కొత్తగా అర్థమైంది.

అప్పటినుంచే నా చేతివ్రాత వాక్యం మొదలైంది. దానివల్ల ఏం తేలింది? మొదటిసారి ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మార్చామన్నారు. పాతవి సంచిలో తెచ్చి ఇచ్చారు. ఇంటికి వచ్చి స్కేలు పెట్టి చూస్తే, ఘర్షణ పొర ఇంకా ఆరు మిల్లీమీటర్లుంది. సాధారణంగా మూడు మిల్లీమీటర్ల దగ్గర మారుస్తారు. అంటే ఇంకా చాలాకాలం తిరగగల ప్యాడ్లకు నాతో సెలవిప్పించారన్నమాట. రెండోసారి సస్పెన్షన్ బుష్‌లు మార్చాలన్నారు. ఇదీ అలాంటిదే అనుకున్నాను. పాతవి చేతిలోకి తీసుకుంటే రబ్బరు నిలువునా చీలి, వేలు దూరేంత సందుంది. వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

ఈ రెండో అనుభవమే నాకు ముఖ్యమనిపిస్తుంది. పాత సామాను దొంగను పట్టుకోవడానికి మాత్రమే పనికివచ్చేది కాదు, నిజాయితీపరుడికి కూడా అదే సాక్ష్యం. చీలిన బుష్‌ను కళ్లతో చూసినవాడు బిల్లు మీద బేరమాడడు. అది చూపించనివాడు ఎంత మంచివాడైనా అతని మీద మనకు అనుమానం మిగిలిపోతుంది. మన సర్వీసు కేంద్రాలలో అద్దాల గది, చల్లటి గాలి, టీ, పత్రిక అన్నీ ఉంటాయి. మన బండికి ఏం జరుగుతున్నదో చూసే వీలొక్కటే ఉండదు. "లోపలికి కస్టమర్లు రాకూడదు" అనే బోర్డు భద్రత కోసమే కావచ్చు. అలాంటప్పుడు లోపల జరిగినదానికి ఆనవాలు బయటికి రావాలి కదా.

అయితే ఆటోనగర్‌కే పోతే సరిపోతుందిగా అని మీరనవచ్చు. ఆటోనగర్ మీద నాకు అభిమానం ఉన్నమాట నిజమే. 1960లలో మొదలైన ఆ పేటలో లారీకి బాడీ కట్టేవారి నుంచి కమాన్ కట్టలు సరిచేసేవారి దాకా అన్ని పనులవారూ ఒకే చోట దొరుకుతారు. అక్కడ స్టూలు వేసి పక్కన కూర్చోబెడతారు, విప్పిన ప్రతిదీ చేతిలో పెట్టి చూపిస్తారు. కాని కళ్లు మూసుకుని పొగడలేను. బిల్లు అడిగితే చాలాచోట్ల చీటీ ముక్క మీద అంకెలు వేసి ఇస్తారు. కంపెనీ పెట్టెలో నకిలీ సామాను వచ్చే ప్రమాదం అక్కడా ఉంది. నట్టును ఎంత బలంతో బిగించాలో కొలిచే రెంచి వాడేవారు తక్కువ, చేతి అంచనాయే ఎక్కువ. పైగా కొత్త కార్లలో ఒక సెన్సారు చెడితే కంప్యూటరు పెట్టి చదివితే గాని తెలియదు. ఆ చదివే పరికరం అందరికీ అందుబాటులో లేకపోవడం మేస్త్రి తప్పు కాదు.

ఈ చివరి విషయం మీద మన దేశంలో పెద్ద వ్యాజ్యమే నడిచింది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద మొత్తం దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అసలైన విడిభాగాలనూ, తప్పులు కనిపెట్టే పరికరాలనూ బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారన్నది అభియోగం. బయట మరమ్మతు చేయించుకున్నాడన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దవుతుందని షరతు పెట్టరాదని కూడా ఆ తీర్పులో ఉంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ ప్రారంభించింది. అందులో మోటారు వాహనాలు కూడా ఒక విభాగం. ఇవన్నీ మంచివే. కాని పాత వడపోత ఎలా ఉంటుందో, కొత్తది ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని యజమానికి ఏ హక్కు ఇచ్చినా అది కాగితం మీదే ఉంటుంది.

మెరుగు సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు మన డబ్బు ఎక్కువగా పోతున్నది అటే. కారు రంగు మీద ఉండే పారదర్శకమైన పై పొర మందం సుమారు 40, 50 మైక్రాన్లు. తలవెంట్రుక కన్న పలుచన. కాంపౌండు పెట్టి యంత్రంతో రుద్దిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది. గీతలు పోవడమంటే పూడిపోవడం కాదు, చుట్టూ ఉన్న పొర గీత లోతుకు దిగడం. ఆ గీతలు ఎక్కడివి? చాలా భాగం మన ఇంటి ముందే పుడతాయి. రోజూ తెల్లవారుజామున ఒకే బకెట్టు నీళ్లతో, ఒకే గుడ్డతో, పది కార్ల దుమ్మును ఇసుకకాగితంలా రుద్దడం వల్ల ఎండలో సాలెగూడులా కనిపించే గీతలు పడతాయి. ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్ము వదిలించి, తరువాత మెత్తని గుడ్డతో తుడిస్తే ఖరీదైన కోటింగుల అవసరం సగం తగ్గుతుంది. సిరామిక్ కోటింగును తొమ్మిది హెచ్ గట్టిదనం అని అమ్ముతారు. ఆ కొలత పెన్సిలు ములుకు గట్టిదనానిది, వజ్రాలదీ రాళ్లదీ కాదు. మెరుగు వద్దని నేననడం లేదు. బ్రేకు ఆయిల్ ఖర్చు దానితో పోలిస్తే ఎంత స్వల్పమో ఒకసారి లెక్క చూసుకోమంటున్నాను.

మళ్లీ అసలు విషయానికి వస్తాను. నా నియమంలో ఒక పెద్ద లోటుంది. ప్యాడ్లు, బుష్‌లు, వడపోతలు సంచిలో పెట్టి ఇవ్వగలరు. బ్రేకు ఆయిల్‌ను ఎలా ఇస్తారు? నన్ను ఘాటు మీద ఆపిన వస్తువుకే నా నియమం వర్తించదు! వాడిన ఇంజన్ ఆయిల్‌ను ఇంటికి తెచ్చి కాలువలో పోస్తే అది ఇంకో పాపం. పాత బ్యాటరీని అక్కడే అప్పగించాలి. వారంటీలో మార్చినవి కంపెనీకి వెళ్లిపోతాయి. ఇటువంటివాటికి నేను అడుగుతున్నది ఒక్కటే: మార్చే సమయానికి నన్ను పిలవండి, అయిదు నిమిషాలు పక్కన నిలబడతాను. కొందరు ఒప్పుకుంటున్నారు, కొందరు ఫోనులో వీడియో తీసి పంపుతున్నారు. ఒప్పుకోనివారి దగ్గరకు రెండోసారి వెళ్లడం లేదు. బిల్లులో ప్రతి సామానుకూ దాని నంబరు వేయమంటున్నాను. కొత్త సామాను పెట్టె మీది నంబరుతో, ముద్రించిన ధరతో అది సరిపోవాలి. ఇంతే. దీనికి ఇంజనీరింగు చదవనక్కరలేదు.

కూరగాయల బండి దగ్గర వంకాయను అటూ ఇటూ తిప్పి పుచ్చులు చూసేవాళ్లం, చీర కొంటే మడత విప్పి అంచు దాకా చూసేవాళ్లం, నలుగురి ప్రాణాలు కూర్చునే బండిని మాత్రం తాళంచెవితో సహా ఇచ్చేసి సాయంత్రం దాకా అటు తిరిగి చూడము. దీన్ని నమ్మకం అంటున్నాము. నాకిది బద్ధకం అనిపిస్తున్నది. ఎనిమిదేళ్లు పుస్తకం కవరు విప్పని నా బద్ధకాన్ని కలుపుకునే ఈ మాట అంటున్నాను.

మా ఇంట్లో ఇప్పుడు మెట్ల కింద ఒక అట్టపెట్టె ఉంది. అందులో అరిగిన ప్యాడ్లు, నల్లబడిన ప్లగ్గులు, చీలిన బుష్‌లు. "పాత ఇనుము కొట్టు పెడుతున్నారా?" అని నా భార్య వెక్కిరిస్తూ ఉంటుంది. కాని కిందటి నెల అరకు ప్రయాణం అనుకున్నప్పుడు ఆవిడే అడిగింది, "బ్రేకు ఆయిల్ మార్చేటప్పుడు దగ్గరుండి చూశారా?" అని. చూశానన్నాను. అప్పుడు సామాన్లు సర్దడం మొదలుపెట్టింది.

మీ కారు నుంచి చివరిసారి తీసేసిన సామాను ఏది? దాన్ని మీరు చూశారా? తీరిక ఉంటే చెప్పండి.