జమా – ఖర్చు: బుగ్గలు నింపడానికి ఎఫ్.డి. తీయవచ్చునా?

హోసూరు నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు సాధారణంగా నామినేషన్ల గురించో, లాకర్ల గురించో, పెద్దవాళ్ళ పెన్షన్ గురించో ఉంటాయి. ఈ ఉత్తరంలోనూ మొదటి ప్రశ్న ఫిక్సెడ్ డిపాజిట్ గురించే. అమ్మాయి పెళ్ళికని వేసిన డిపాజిట్టును గడువుకు ముందే తీస్తే ఎంత నష్టమని అడిగారు. ఎందుకు తీయవలసి వచ్చిందో రెండో పేరాలో ఉంది. అమ్మాయికి 24 ఏళ్ళు. ఉద్యోగం చేసుకుంటోంది. బక్కపలచని మనిషి, బుగ్గలు కాస్త లోపలికి ఉంటాయి. రెండు సంబంధాల వాళ్ళు చూసి వెళ్ళి మళ్ళీ కబురు చెయ్యలేదు. మధ్యవర్తి, పిల్ల ముఖం కొంచెం నిండుగా ఉంటే బాగుండేదన్నాడట. ఇంతలో బెంగుళూరులో ఎవరి శరీరంలోని కొవ్వు తీసి వాళ్ళ ముఖంలోకే ఎక్కిస్తారని ఎవరో చెప్పారు. మాఘమాసంలో మళ్ళీ పెళ్ళిచూపులున్నాయి, ఆ లోపల చేయించెయ్యాలని ఆ తల్లి ఆత్రం.

డిపాజిట్టు ప్రశ్నకు జవాబు రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. గడువుకు ముందు తీస్తే, డబ్బు ఉన్నంత కాలానికి వర్తించే వడ్డీలోంచి కొంత తగ్గించి ఇస్తారు. దానికన్నా అదే డిపాజిట్టు మీద అప్పు తీసుకోవడం చాలాసార్లు మేలు. కాని ఆ రెండు వాక్యాలతో ఊరుకోవడానికి మనసొప్పలేదు. నేను డాక్టరును కాను. అప్పు దరఖాస్తులు పరిశీలించడం నా వృత్తి. దరఖాస్తు వస్తే మేము అడిగేవి నాలుగే: డబ్బు దేనికి, ఎవరికి కావాలి, వచ్చేదెంత, పోతే ఏమవుతుంది? ఈ విషయాన్నీ అదే వరసలో చూద్దాం.

ఇంతకీ ఏమిటిది?

దీన్ని ఫ్యాట్ ట్రాన్స్‌ఫర్ అంటారు, కొవ్వు మార్పిడి అనుకోవచ్చు. పొట్ట నుంచో, తొడల నుంచో సన్నని గొట్టంతో కొవ్వు లాగుతారు. ఇది లైపోసక్షన్. ఆ కొవ్వులోంచి రక్తాన్ని, నూనెను, మందు నీళ్ళను వేరు చేసి శుభ్రపరుస్తారు. తరువాత కొంచెం కొంచెంగా కావలసిన చోట ఎక్కిస్తారు. అంటే ఒక్క పేరుతో జరిగేవి రెండు పనులు: ఒక చోట తీయడం, మరో చోట పెట్టడం. రెంటి కష్టనష్టాలూ లెక్కలోకి వస్తాయి.

ఇది నిన్నమొన్నటి విద్య కాదు. గుస్తావ్ న్యూబర్ అనే జర్మన్ సర్జన్ 1893లోనే ఒక రోగి చేతి నుంచి తీసిన కొవ్వుతో ముఖం మీది గుంట పూడ్చాడు. కొవ్వును నలగకుండా తీసి చిన్న చిన్న పాళ్ళలో ఎక్కించే పద్ధతిని 1990లలో న్యూయార్క్ సర్జన్ సిడ్నీ కోల్‌మన్ ప్రచారంలోకి తెచ్చాడు. ఈనాటి పద్ధతులకు చాలావరకు అదే ఆధారం.

దీనివల్ల నిజంగా మేలు పొందినవాళ్ళున్నారు. రొమ్ము కాన్సరు ఆపరేషన్ తరువాత మిగిలిన లోటును సరిచేయడానికి, కాలిన మచ్చలను మెత్తబరచడానికి, ప్రమాదంలో ముఖం దెబ్బతిన్నవాళ్ళకు, ముఖంలో ఒక పక్క క్రమంగా శుష్కించిపోయే జబ్బు వచ్చినవాళ్ళకు ఇది వరం. అటువంటి వాళ్ళు చేయించుకుంటే సోకు అనడం అన్యాయం. మనం మాట్లాడుకుంటున్నది ఆరోగ్యంగా ఉన్న మనిషి అందం కోసం చేయించుకోవడం గురించి.

రాబడి ఎంత?

ఎక్కించిన కొవ్వంతా నిలవదు. చుట్టుపక్కల నుంచి కొత్త రక్తనాళాలు అందినంత మేరకే బతుకుతుంది, మిగిలింది శరీరం పీల్చేసుకుంటుంది. ఎంత మిగులుతుందన్నది మనిషికీ మనిషికీ తేడా. సగం దాకా పోవడం వింత కాదు. అందుకే కొంతమందికి రెండోసారి, మూడోసారి కూడా చేయవలసి వస్తుంది. మొదటి వారాల్లో కనిపించే నిండుదనంలో వాపు పాలు ఎక్కువ. అసలు ఫలితం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. కాబట్టి మాఘమాసం లోపల అనే లెక్క ఇక్కడ పనికిరాదు. నెల తిరక్కుండా పెళ్ళిచూపుల్లో కూర్చోబెడితే, వాళ్ళు చూసేది అమ్మాయి పాత ముఖమూ కాదు, కొత్త ముఖమూ కాదు.

ఇంకో సంగతి. పొట్టలోంచి వచ్చిన కొవ్వు బుగ్గల్లో కూర్చున్నా పొట్ట కొవ్వు లాగానే ప్రవర్తిస్తుంది. మనిషి లావెక్కితే అదీ పెరుగుతుంది, చిక్కితే అదీ తగ్గుతుంది. అందుకే బరువు నిలకడగా ఉన్నవాళ్ళకే ఇది చేయడం మంచిదంటారు. పెళ్ళి, కానుపులు ముందున్న 24 ఏళ్ళ పిల్లకు బరువు నిలకడగా ఉంటుందని ఎవరు హామీ ఇవ్వగలరు? పైగా బక్కపలచని మనిషిలో తీయడానికి కొవ్వు దొరకడమే ఒక సమస్య. ముఖానికి కావలసింది కొద్దిపాటే అయినా, అదీ ఎక్కడో ఒక చోట ఉండాలి కదా.

నష్టం ఎంత?

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మనదే. చిన్న ఇబ్బందులు ఇవి: వాపు, కమిలిన మచ్చలు, తిమ్మిరి, గడ్డలు, హెచ్చుతగ్గులు, చీము పట్టడం. బతకని కొవ్వు గట్టిపడో, నూనె తిత్తిలాగో మిగిలిపోవచ్చు. రొమ్ముల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇటువంటి గడ్డలు మామోగ్రాం పరీక్షలో కాన్సరు అనుమానం రేపుతాయన్న భయంతో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం 1987లో రొమ్ములోకి కొవ్వు ఎక్కించవద్దంది. 2009లో ఆ అభిప్రాయాన్ని సడలించుకుంది. అయినా ఇంట్లో ఎవరికైనా ఆ కాన్సరు ఉంటే ఆ మాట సర్జనుకు తప్పక చెప్పాలి.

పెద్ద ప్రమాదాలు అరుదు. కాని అవి కోలుకోలేనివి. ముఖంలో ఎక్కించే కొవ్వు పొరపాటున రక్తనాళంలోకి పోతే చూపు పోయిన సందర్భాలున్నాయి. నుదురు, ముక్కు ప్రాంతాల్లో ఈ భయం ఎక్కువ. పిరుదులు నిండుగా కనబడడానికి చేసే ఆపరేషన్‌లో కొవ్వు పెద్ద రక్తనాళాల్లోకి పోయి, గుండెకూ ఊపిరితిత్తులకూ చేరి ప్రాణాలే పోయాయి. 2017లో ప్రచురించిన ఒక అంతర్జాతీయ సర్వేలో ఆ ఆపరేషన్ చేయించుకున్న ప్రతి 3,000 మందిలో ఒకరి దాకా మరణించి ఉండవచ్చని అంచనా వేశారు. కొవ్వును కండరంలోకి ఎక్కించరాదని, చర్మం కింద పొరలోనే ఉంచాలని సర్జన్ల సంఘాలు ఆ తరువాత గట్టిగా హెచ్చరించాయి.

మన చుట్టుపక్కల సంగతి చూస్తే, 2022 మే నెలలో బెంగుళూరులో కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తగ్గించే ఆపరేషన్ దరిమిలా కన్నుమూసింది. ఆమె వయస్సు 21. అది కొవ్వు మార్పిడి కాదు, నిజమే. కాని కొవ్వు మార్పిడిలోనూ మొదటి మెట్టు కొవ్వు తీయడమే. తీసే పరిమాణం తక్కువైతే ప్రమాదమూ తక్కువ. అయినా అది బ్యూటీ పార్లర్‌లో జరగవలసిన పని మాత్రం కాదు.

ఖర్చు ఎంత?

క్లినిక్ చెప్పిన అంకె ఒక్కటే ఖర్చు కాదు. మత్తు డాక్టరు ఫీజు, థియేటరు అద్దె, పరీక్షలు, మందులు, కొవ్వు తీసిన చోట కొన్ని వారాలు వేసుకోవలసిన బిగుతు దుస్తులు, ఉద్యోగానికి పెట్టే సెలవు, అన్నిటినీ మించి రెండోసారి చేయవలసి వస్తే దాని రుసుము. ఇవన్నీ కాగితం మీద వ్రాయించుకోండి.

ఆరోగ్య బీమా ఉంది కదా అనుకోవద్దు. ప్రమాదం, కాలిన గాయాలు, కాన్సరు, లేదా వైద్యపరమైన అవసరం ఉంటే తప్ప రూపం మార్చే చికిత్సలకు మన దేశంలో పాలసీలు డబ్బివ్వవు. ఆపరేషన్ తరువాత చిక్కులు వస్తే ఆ చికిత్సకైనా ఇస్తారా అని కంపెనీని ముందే వ్రాతపూర్వకంగా అడగాలి. వైద్య సేవలకుండే జి.ఎస్.టి. మినహాయింపు కూడా అందం కోసం చేసే ఆపరేషన్లకు వర్తించదు.

ఇక వడ్డీ లేని వాయిదాల సంగతి. సున్నా శాతం వడ్డీ అన్న భావనే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. వడ్డీ ఎక్కడికీ పోదు. ధరలోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో దాక్కుంటుంది. అందానికి అప్పు చేస్తే, సగం కొవ్వు కరిగిపోయినా వాయిదాలు మాత్రం కరగవు.

చేయించుకోవాలనే అనుకుంటే

ముందు ఒక మామూలు ఫిజీషియన్‌కు చూపించండి. బుగ్గలు పీక్కుపోవడం పుట్టుకతో వచ్చిన పోలిక కావచ్చు; థైరాయిడ్ కావచ్చు, షుగరు కావచ్చు, సరిగా తినకపోవడం కావచ్చు. ఈమధ్యే బరువు తగ్గిందంటే కారణం తెలియకుండా సర్జన్ దగ్గరకు వెళ్ళరాదు.

సర్జనుకు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గాని డి.ఎన్.బి. గాని ఉందా, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో పేరుందా అని చూసుకోండి. చర్మానికి, జుట్టుకు చికిత్స చేసే ప్రతివారూ ప్లాస్టిక్ సర్జన్లు కారు. ఆపరేషన్ ఎక్కడ చేస్తారు, మత్తు ఎవరిస్తారు, అత్యవసరమైతే ఐ.సి.యు. ఎంత దూరం అని అడగండి. ఈ ప్రశ్నలకు చిరాకు పడే చోటు నుంచి లేచి వచ్చెయ్యండి. పొగ తాగే అలవాటు, రక్తం పలచబరచే మాత్రలు, పాత జబ్బులు ఏవీ దాచవద్దు. సూదితో ఎక్కించే హైలురానిక్ ఆమ్లపు ఫిల్లర్ వంటి ఇతర మార్గాలూ ఉన్నాయి. కొన్ని నెలలకు అది పోతుంది, నచ్చకపోతే కరిగించే మందూ ఉంది. అయితే రక్తనాళం మూసుకుపోయే భయం దానికీ ఉంది. కొవ్వును మాత్రం అలా మందుతో కరిగించి వెనక్కి తీసుకోలేరు.

సమ్మతి పత్రం విషయం మనబోటి వాళ్ళకు మరీ ముఖ్యం. మన ఇళ్ళలో మాట్లాడేది తెలుగు. పిల్లలు చదివింది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. చేతికిచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. అర్థంకాని కాగితం మీద సంతకం చేయడం బ్యాంకులోనూ తప్పే, ఆసుపత్రిలోనూ తప్పే. తెలిసిన భాషలో చెప్పించుకుని, ప్రతి ఒకటి ఇంటికి తెచ్చుకుని, వారం రోజులు ఆలోచించి సంతకం పెట్టండి. ఒక పనికి ఇచ్చిన సమ్మతి మరో పనికి చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తీర్పు వచ్చింది. రసీదులన్నీ భద్రపరచండి.

అసలు దరఖాస్తుదారు ఎవరు?

హోసూరు సోదరి ఉత్తరం మూడు పేజీలు. దాన్ని రెండుసార్లు చదివాను. మధ్యవర్తి మాట ఉంది, వచ్చి వెళ్ళినవాళ్ళ మాట ఉంది, తోడికోడలి మాట ఉంది, తల్లి దిగులు ఉంది. అమ్మాయి ఏమన్నదో ఒక్క వాక్యం లేదు. బ్యాంకులో దరఖాస్తు మీద అప్పు తీసుకునేవాడి సంతకం లేకపోతే మిగిలిన కాగితాలు ఎన్ని ఉన్నా ఫైలు కదలదు. ఇక్కడా అంతే.

అమ్మా, ముందు అమ్మాయిని అడగండి. మధ్యవర్తి మాట ఎత్తకుండా, ఏడవకుండా, పక్కన చుట్టాలెవరూ లేనప్పుడు అడగండి. అద్దంలో చూసుకుంటే తనకేమనిపిస్తుందో అడగండి. తనకు ఏ బాధా లేదంటే సంగతి అక్కడితో ముగిసింది. చాలాకాలంగా తనకే ఆ కోరిక ఉందంటే, ఏం మారుతుందో ఏం మారదో తెలిసి, తీరిగ్గా, తన సంపాదనలోంచి దాచుకున్న డబ్బుతో చేయించుకోవడం ఆమె ఇష్టం. దాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. అలాకాక, రోజులో గంటలకొద్దీ అదే ధ్యాస, నలుగురిలోకి రావడానికి భయం, ఎవరూ గమనించని లోపం తనకు కొండంతగా కనబడడం ఉంటే, అప్పుడు కావలసింది మానసిక వైద్యుడు. అటువంటి బాధకు ఆపరేషన్ మందు కాదు. తరచు బాధ ఒక చోటు నుంచి మరో చోటికి మారుతుందంతే.

సంబంధాల సంగతి ఒక్క మాట. బుగ్గలు చూసి వెనుదిరిగినవాళ్ళు బుగ్గలు నిండితే వస్తారనుకుందాం. రేపు కానుపు తరువాత ఒళ్ళు చేస్తే, జ్వరం వచ్చి చిక్కితే, నలభై ఏళ్ళకు ముఖం జారితే ఏమంటారు? ఆ ఇంటికి అమ్మాయిని పంపడం ఏ పూచీకత్తూ లేకుండా అప్పివ్వడం లాంటిది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. ఆ ఖర్చుకని చేర్చిన డబ్బు ఆ ఖర్చుకే ఉండనివ్వండి. పెళ్ళి ఇప్పట్లో కాకపోయినా, అమ్మాయి పేరు మీద ఉన్న డిపాజిట్టు ఆమెకు ధైర్యం.

డిపాజిట్టు గడువు ఇంకా ఏడాదిన్నర ఉందని వ్రాశారు. ఉండనివ్వండి. అమ్మాయితో మాట్లాడిన తరువాత, ఆమె ఇష్టపడితే ఆమె చేతనే నాకు ఒక ఉత్తరం వ్రాయించండి. తనకు జవాబు విడిగా వ్రాస్తాను.

(వచ్చే సంచికలో: జాయింటు ఖాతాలో ఒకరు పోతే రెండోవారు చేయవలసిన పనులు. సందేహాలను సంఘం కార్యాలయానికి పంపండి.)