బ్యాటరీ బండికి సోకులు కాదు, నడుముకి ఆసరా చూడండి

ఈమధ్య ఏ అపార్ట్‌మెంటు కింద చూసినా ఓ బ్యాటరీ స్కూటరు ఛార్జింగులో పెట్టి కనిపిస్తోంది కదూ! పిల్లల్ని బడిలో దింపడానికీ, మోండా మార్కెట్టు నుంచి కూరలు తెచ్చుకోవడానికీ, అత్తగారిని మహంకాళి గుడికి తీసుకెళ్ళడానికీ మన సికింద్రాబాదు ఆడవాళ్ళకి ఇది బాగా అలవాటైపోయింది. గేర్లు మార్చే బాధ లేదు, కిక్కు కొట్టక్కర్లేదు, పెట్రోలు బంకు దగ్గర నిలబడక్కర్లేదు. పైగా 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ బళ్ళకి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేసింది. అలా కాస్త డబ్బు మిగిలిందని సంబరపడేలోపే షోరూములో ఇంకో చీటీ మన చేతికొస్తుంది. సీటు కవరు, బ్యాక్‌రెస్టు, మ్యాటు, గార్డులు, అద్దం, ఫోను స్టాండు... అంటూ చాంతాడంత జాబితా.

ఇంట్లో మగవాళ్ళయితే "అన్నీ వేసెయ్యండి" అంటారు, లేకపోతే "ఏమీ వద్దు" అంటారు. ఆ తర్వాత నడుం పట్టేసేది మాత్రం మనకే! అందుకని ఈ వారం బండి సామాన్లలో ఏది మన ఒంటికి ఆసరా, ఏది వట్టి సోకు అనేది చెప్పుకుందాం.

ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే చాలు. జాకెట్టుని పక్కింటావిడ కొలతలకి కుట్టించుకోం కదా! బండి సామాను కూడా అంతే. దాని మీద కూర్చునే మనిషి ఎత్తు, బరువు, మోకాళ్ళ నొప్పులు, కట్టే బట్టలు చూసి కొనాలి.

ముందు పైసా ఖర్చు లేనివి

కుదుపులకి నడుం నొప్పి పుడుతోందంటే వెంటనే మెత్తటి సీటు కొనేయకండి. ముందు టైర్లలో గాలి చూపించండి. గాలి మరీ ఎక్కువుంటే ప్రతి గుంతా వెన్నుపూసకి తగులుతుంది. తక్కువుంటే బండి పక్కలకి లాగుతుంది, బ్యాటరీ కూడా త్వరగా దిగిపోతుంది. ఒక్కరే వెళితే ఎంత, వెనక మనిషి ఉంటే ఎంత అనేది బండితో ఇచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. పొద్దున్నే, బండి తిరగకముందు చూపిస్తే లెక్క సరిగ్గా తెలుస్తుంది.

రెండోది, వెనక చక్రం దగ్గరుండే షాకబ్జరు. కొన్ని బళ్ళలో దాని స్ప్రింగుని బిగువుగానో వదులుగానో మార్చుకునే మెట్లుంటాయి. రోజూ వెనక ఒకర్ని ఎక్కించుకునేవాళ్ళకి ఒక రకంగా, ఒంటరిగా తిరిగేవాళ్ళకి ఇంకో రకంగా ఉండాలి. సర్వీసుకి ఇచ్చినప్పుడు మెకానిక్కుకి చెబితే నిమిషాల్లో తిప్పేస్తాడు. ఈ రెండూ చేశాక కూడా నొప్పి తగ్గకపోతే అప్పుడు సీటు సంగతి చూద్దాం.

సీటు: మెత్తనైతే చాలా?

చాలదండీ. మరీ మెత్తటి స్పాంజి పది నిమిషాలు హాయిగా ఉంటుంది. తర్వాత అణిగిపోయి బరువంతా కింది గట్టి సీటు మీదే పడుతుంది. నొక్కితే కాస్త దిగి మళ్ళీ వెంటనే పైకి లేచే రకం మంచిది. దుకాణంలో బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. గుంట అలాగే ఉండిపోతే ఆ దిండు మీకొద్దు.

ఇంకో చిక్కుంది. ఈ స్కూటర్ల సీట్లు చాలావరకు 760 నుంచి 800 మిల్లీమీటర్ల ఎత్తులో, అంటే సుమారు 30, 31 అంగుళాల్లో ఉంటాయి. అయిదడుగుల మనిషికి అదే అంతంతమాత్రం. దానిమీద రెండంగుళాల దిండు వేస్తే సిగ్నలు దగ్గర మునివేళ్ళ మీద నిలబడాలి. వెనక మనిషి, చేతి సంచి, పక్కనే ఆర్టీసీ బస్సు... బండి ఒరిగితే ఆపగలమా? కూర్చున్నప్పుడు రెండు పాదాల ముందు సగమైనా గట్టిగా నేలకి ఆనాలి. అలా ఆనకపోతే ఆ దిండు ఎంత చవకైనా వద్దు.

మన ఎండలకి నల్ల రెక్సిన్ సీటు పెనంలా కాలుతుంది. గాలి ఆడే జాలీ కవరు వేసుకుంటే చురుక్కుమనదు, చెమటా పట్టదు. అయితే కవరు జారకుండా కింద పట్టీలు బిగువుగా ఉండాలి. బ్రేకు వేసినప్పుడు కవరుతో పాటు మనమూ ముందుకి జారితే ప్రమాదం.

వెనక కూర్చునేవాళ్ళ సంగతి

బండి నడిపేవాళ్ళకి పట్టుకోవడానికి హ్యాండిలుంది. వెనకవాళ్ళకి ఏముంది? ఈ ప్రశ్న బ్యాటరీ బండికి మరీ ముఖ్యం. పెట్రోలు బండి మెల్లగా ఊపందుకుంటుంది. బ్యాటరీ బండి మోటారు మాత్రం యాక్సిలరేటరు తిప్పీ తిప్పగానే పూర్తి బలంతో లాగుతుంది, వెనకవాళ్ళు వెనక్కి తూలుతారు. యాక్సిలరేటరు వదలగానే చాలా బళ్ళలో ఆ మోటారే బ్యాటరీకి కరెంటు ఎక్కిస్తూ బండి వేగాన్ని పట్టి ఆపుతుంది, అప్పుడు ముందుకి తూలుతారు. పెద్దవాళ్ళకి ఈ ఊగిసలాటతోనే సగం నొప్పి. అందుకే వెనక మనిషి ఉంటే ఎకో మోడ్‌లో పెట్టుకుని నింపాదిగా పోనివ్వాలి. పట్టుకునే కడ్డీ, ఆనుకునే బ్యాక్‌రెస్టు సోకు కాదు, అవసరం.

బ్యాక్‌రెస్టు దిండు నడుం మీదికి రావాలి. మరీ కిందికుంటే పైభాగం వెనక్కి వాలిపోతుంది. బిగించాక చేత్తో గట్టిగా ఊపి చూడండి, కదలకూడదు. సీటు ఎత్తడానికి అడ్డొస్తోందా, ఛార్జింగు మూతకి అడ్డొస్తోందా అని అక్కడే చూసుకోండి. నెలకోసారి నట్లు బిగించారో లేదో చూడాలి. ఆనుకున్నాక ఊడొచ్చే ఆసరా కంటే ఆసరా లేకపోవడమే నయం.

చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చునేవాళ్ళకి బ్యాక్‌రెస్టు వీపు వెనక్కి రాదు, ఎడమ పక్కకి వస్తుంది. బండి ముందుకి ఉరికినప్పుడు పక్కకి జారిపోకుండా అడ్డుగా ఉంటుందంతే, వీపుకి ఆసరా ఉండదు. కాబట్టి ఎడమచేత్తో కడ్డీ పట్టుకోవాలి, కుడిచేత్తో ముందు మనిషిని పట్టుకోవాలి. ఒళ్ళో సంచి, చేతిలో ఫోను వద్దే వద్దు. సల్వారు వేసుకునేవాళ్ళు రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోవడమే నడుముకీ, ప్రాణానికీ మంచిది.

కాళ్ళకి నేలలాంటిది ఫుట్‌రెస్టు

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. బండి కొనేముందు ఆవిణ్ణి కూడా షోరూముకి తీసుకెళ్ళి, సెంటర్ స్టాండు వేయించి వెనక కూర్చోబెట్టాం. అమ్మే కుర్రాడు లావుపాటి దిండు చూపించి "ఇది వేయిస్తే బామ్మగారికి సోఫాలా ఉంటుంది మేడమ్" అంటున్నాడు. ఆవిడ మాత్రం "అమ్మాయ్, సీటు బానే ఉంది గానీ కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయే!" అన్నారు. అసలు లోపం అక్కడుంది! కాలు ఆనకపోతే తొడల కింద నరాలు నొక్కుకుని తిమ్మిరెక్కుతాయి, బరువంతా నడుం మీదే పడుతుంది. దిండు మానేసి, ఎడమ వైపు రెండు పాదాలూ పట్టే వెడల్పాటి ఫుట్‌రెస్టు పలక వేయించాం. దిండు కన్నా అదే చవక. ఇప్పుడావిడ మారేడుపల్లి దాకా కూడా హాయిగా వస్తారు.

పలక మీద గరుకు రబ్బరుండాలి. వానలో నున్నటి ఇనుము మీద చెప్పు జారుతుంది. కాలు పెడితే మోకాలు మరీ పైకి లేవకూడదు, పాదం కిందికి వేలాడకూడదు. కుర్చీలో కూర్చున్నట్టు ఉండాలి.

చీర కొంగు, చున్నీ

ఇక్కడ ఒక చట్టం మాట తెలుసుకోండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ఉంది. ఇద్దరు కూర్చునే ప్రతి ద్విచక్ర వాహనానికీ పట్టుకునే కడ్డీ, ఫుట్‌రెస్టు, వెనక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని అది చెబుతుంది. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకూడదనే ఆ ఏర్పాటు. కాబట్టి ఈ మూడింటికీ "ఎక్స్‌ట్రా" అని డబ్బులడిగితే "నియమంలో ఉన్నదానికి విడిగా ఎందుకండీ?" అని నెమ్మదిగా అడగండి. మోహమాటపడకండి.

స్కూటర్లలో చక్రం చాలావరకు కప్పే ఉంటుంది. కొన్ని తేలికపాటి బళ్ళలో మాత్రం పక్కలు తెరిచే ఉంటాయి, అలాంటివాటికి శారీ గార్డు తీయించకండి. గార్డు ఉన్నా సరే, ఎక్కగానే కొంగు ముందుకి తిప్పి నడుములో దోపుకోవాలి, చున్నీ వెనక ముడేసుకోవాలి. బ్యాటరీ బండికి చప్పుడుండదు కాబట్టి కొంగు చక్రానికి తగిలి రాసుకునే చప్పుడు కాస్త వినపడితే వెంటనే ఆపించండి.

చేతులు, తల

మణికట్లు తిమ్మిరెక్కేవాళ్ళకి మెత్తటి రబ్బరు గ్రిప్పులు మంచివే. కానీ కుడివైపు, అంటే యాక్సిలరేటరు మీద, వదులుగా ఉండే స్పాంజి తొడుగులు వేయకండి. తొడుగు చివర ఇరుక్కుంటే తిప్పిన యాక్సిలరేటరు వెనక్కి రాదు. గ్రిప్పు వేయించాక తిప్పి వదిలి చూడండి, టక్కున వెనక్కి రావాలి. గ్రిప్పు లావైతే చిన్న చేతులకి బ్రేకు అందదు, అదీ చూసుకోండి.

హెల్మెట్టు కూడా సుఖం కిందే లెక్క. కొలత తప్పితే మెడనొప్పి, తలనొప్పి. మన కుట్టుమిషను టేపు తీసుకుని కనుబొమలకి ఒక అంగుళం పైన తల చుట్టూ కొలవండి. ఆ సెంటీమీటర్ల సైజే అడగండి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్టు అమ్మకూడదు. కాబట్టి రోడ్డు పక్క చవకవాటి జోలికి పోకండి. పెద్ద క్లిప్పులు, ఎత్తు ముడి ఉంటే హెల్మెట్టు సరిగ్గా కూర్చోదు, జడ వేసుకోవడమే మేలు. వెనకవాళ్ళకీ హెల్మెట్టు ఉండాలని వేరే చెప్పాలా?

చంటిపిల్లలు

పిల్లాణ్ణి ముందు నిలబెట్టుకుని వెళ్ళే తల్లుల్ని చూస్తే గుండె ఝల్లుమంటుంది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన నియమం 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. నాలుగేళ్ళలోపు పిల్లల్ని తీసుకెళితే వాళ్ళకి సేఫ్టీ హార్నెస్ ఉండాలి. తొమ్మిది నెలలు దాటిన పిల్లలకి సరిపోయే హెల్మెట్టు కూడా పెట్టాలి. బండి గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. హార్నెస్ అంటే పిల్లలకి తొడిగే చొక్కాలాంటిది. దాని పట్టీలు నడిపేవాళ్ళ భుజాలకి తగిలించుకోవాలి. 30 కిలోల దాకా బరువు ఆపేది, తడవనిది, పట్టీ పొడుగు మార్చుకోగలిగేది అడగండి. బొమ్మ సీట్ల కన్నా ముందు దీనికి డబ్బు పెట్టండి.

సంచులు, సామాన్లు

కాళ్ళ దగ్గరి చదును చూడగానే మనకి బియ్యం మూటే గుర్తొస్తుంది. కాళ్ళు విరజాపి కూర్చుంటే నడుం వంకర తిరుగుతుంది, బండి తిప్పడం కష్టం. సంచి కొక్కేనికి ఎంత బరువు తగిలించవచ్చో పుస్తకంలో ఉంటుంది. చూసుకుని కూరల సంచి వరకే తగిలించండి. గ్యాసు బండ మాత్రం వద్దు. లోపలి 14.2 కిలోల గ్యాసుకి ఇనుము బరువు కలిపితే సుమారు 30 కిలోలు. కొన్ని బళ్ళలో ఆ చదును కిందే బ్యాటరీ ఉంటుంది!

వైర్ల జోలికి వద్దు

రాణిగంజ్ దుకాణాల్లో ఎన్నో సామాన్లు దొరుకుతాయి. బ్యాక్‌రెస్టు, మ్యాటు, ఫుట్‌రెస్టులాంటివి మీ బండి మోడలుకి నట్లు సరిపోతే నిక్షేపంగా కొనండి. అయితే వైరు కోసి లైట్లు, హారన్లు పెట్టించడం, చదును మీద బెజ్జాలు వేయించడం మాత్రం వద్దు. బ్యాటరీకి దెబ్బ తగలొచ్చు, వారంటీ పోవచ్చు. బయట సామాను వేస్తే వారంటీ ఉంటుందా అని షోరూములో అడిగి, ఆ మాట కాగితం మీద రాయించుకోండి. బరువైన ఇనుప గార్డులు చుట్టూ వేస్తే బ్యాటరీ ఆ బరువూ మోయాలి, ఒక్క ఛార్జింగుతో వెళ్ళే దూరం కాస్త తగ్గుతుంది.

ఈ చీటీ కత్తిరించి పర్సులో పెట్టుకోండి

• నడిపేవాళ్ళూ, వెనక కూర్చునేవాళ్ళూ ఇద్దరూ షోరూముకి వెళ్ళాలి. రోజూ కట్టుకునే బట్టల్లోనే వెళ్ళాలి.
• కూర్చుని అయిదు నిమిషాలు అలాగే ఉండి చూడాలి.
• పాదాలు నేలకి ఆనాయా? వెనకవాళ్ళ పాదాలు పలకకి ఆనాయా?
• డబ్బు తక్కువుంటే వరస ఇది: హెల్మెట్లు, చంటిపిల్లలుంటే హార్నెస్, ఫుట్‌రెస్టు, బ్యాక్‌రెస్టు, ఆ తర్వాత సీటు కవరు. స్టిక్కర్లు, రంగు లైట్లు అన్నిటికన్నా చివర.
• నెలకోసారి నట్లు, వారానికోసారి గాలి.

వంటింటి గట్టు ఎత్తు మన ఎత్తుకి సరిపోవాలని పట్టుబట్టి కట్టించుకుంటాం కదా! రోజూ ఎక్కే బండి దగ్గర కూడా అలాగే పట్టుబట్టండి. "ఆడవాళ్ళకేం తెలుసు బండి గురించి" అని ఎవరైనా అంటే, కూర్చునేది మేమే కదా అనండి!