మారికుప్పం బండెక్కే దెయ్యాలు

సినిమా వచ్చాక మనవాళ్లకు కర్ణాటకలోని కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) అంటే తుపాకులు, మసి. యూట్యూబు కుర్రాళ్లకైతే అదొక దెయ్యాల ఊరు. తుప్పుపట్టిన షాఫ్టు ముందు నిలబడి గొంతు తగ్గించి మాట్లాడతారు. మాది కుప్పం. కేజీఎఫ్‌కు వెళ్లే మారికుప్పం లైను స్టేషన్లలో బుకింగ్ క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ దెయ్యాలకు బెంగళూరు సీజన్ టికెట్లు ఇచ్చింది నేనే.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. కౌంటర్ ముందు తెల్లవారుజాము క్యూ పెరిగింది ఆ తర్వాతే. మూడు కిలోమీటర్ల లోతున, రాయి అరవై డిగ్రీలు కాగే చోట డ్రిల్లింగ్ చేసినవాళ్లు సెక్యూరిటీ గార్డు చొక్కా మడిచి సంచిలో పెట్టుకుని, పైన టిఫిన్ క్యారియర్ పెట్టి బండెక్కేవాళ్లు. రాత్రికి అదే బండిలో దిగేవాళ్లు. ఇప్పుడు వాళ్ల పిల్లల వంతు. లక్షన్నర మందికి పైగా ఉన్న ఊరది, దెయ్యాలెక్కడ?

1880లో జాన్ టేలర్ అనే బ్రిటిష్ కంపెనీ దిగాక వైభవం మొదలైంది. శివనసముద్రం నుంచి 1902లోనే గనులకు కరెంటు లాగారు. బెంగళూరు వీధులకు దీపాలు ఆ తర్వాతే వచ్చాయి. కరెంటు యంత్రాలకు, కూలీలకు తడికల గుడిసెలు. ఆ గుడిసెల్లో మన చిత్తూరు వైపు నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు, ఎక్కువమంది దళితులు. నూటఇరవై ఏళ్లలో దాదాపు 800 టన్నుల బంగారం పైకి పంపారు.

నష్టాల గనిని మూయడం తప్పనను. లోతుకు పోయేకొద్దీ ఖర్చు పెరిగి, రాతిలో పసిడి తగ్గితే ఏ ప్రభుత్వమైనా ఎన్నాళ్లు మోస్తుంది? నా గొడవల్లా మూసిన తీరు మీదే. బెమెల్ ఫ్యాక్టరీ ఒక్కటి తప్ప ఊరికి మరో పెద్ద ఆధారం లేదని అందరికీ తెలుసు. తెలిసీ తాళం వేశారు. మిగిలింది బంగారం తీశాక పోసిన రాతిపొడి, సైనైడ్ దిబ్బలు. ఎండాకాలం గాలి లేస్తే ఆ తెల్ల దుమ్ము కిటికీ మూసినా కంచంలో పడుతుంది.

ఇప్పుడు ఆ దిబ్బల్లో మిగిలిన బంగారం కోసం వేలం అంటున్నారు. 13 దిబ్బలు, వెయ్యి ఎకరాలు. టన్నుకు ఎంత బంగారం వస్తుందో లెక్క కట్టారు సరే, తవ్వేటప్పుడు లేచే దుమ్ముకు ఎవరు పూచీ? గని క్వార్టర్లలో ఉన్నవాళ్లకు పనిలో ఎంత వాటా? వేలం కాగితంలోనే రాయాలి.

ఇది పక్క రాష్ట్రం గోల అనుకోవద్దు. మా కుప్పం పక్కనున్న చిగురుగుంట బంగారు గనీ కేజీఎఫ్ గనులు మూసిన ప్రభుత్వ కంపెనీదే, అదీ మూతపడిందే. మళ్లీ తెరుస్తారట, మంచిదే. అధికారులు ఊళ్లోకొచ్చి ఎన్ని ఉద్యోగాలిస్తామో చెబుతారు. గని మూసే రోజున గోతులు పూడ్చే డబ్బు ఎక్కడ డిపాజిట్ చేశారో, రసీదు చూపించమని అడగండి.