లందలో సైన్సు లేదా?

మా అయ్య తోళ్ళు పదును చేసేవాడు. సున్నంనీళ్ళలో నానేసి వెంట్రుక ఊడగొట్టి, తంగేడు చెక్క వేసిన లందలో ఊరబెట్టేవాడు. తోలు ఎప్పుడు పదునైందో చేత్తో పట్టి చెప్పేవాడు. బళ్ళో సైన్సు అయ్యవారు మాత్రం కంపు కొడుతున్నానని నన్ను వెనక కూచోబెట్టాడు. అదే పని కాలేజీలో నేర్పితే లెదర్ టెక్నాలజీ, మా పేటలో చేస్తే అంటు!

1991 తర్వాత ప్రపంచం ఒక్కటైందన్నారు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ ప్రైవేటు కొలువుల్లో రిజర్వేషన్ లేదు. గడప దాటాలంటే ఇంగ్లీషు కావాలి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అనగానే, తమ పిల్లల్ని కాన్వెంటుకి పంపే పెద్దమనుషులకి తెలుగుతల్లి గుర్తొచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవోల్ని కొట్టేసింది. అదే ఏడు కరోనాకి బడి సెల్‌ఫోన్లోకి పోయింది. ఫోను లేని మా పేట పిల్లలు కూలికి పోయారు.

చదువుని మార్చాలంటున్నారు. మార్చండి. ఇంగ్లీషూ కావాలి, కంప్యూటరూ కావాలి. భిక్షంగా కాదు, హక్కుగా. మా పిల్లలు మళ్ళీ లందలో దిగాలని కాదు, మా అయ్య చేతికి తెలిసింది కూడా తెలివేనని పాఠంలో రాయండి. చేతుల్ని అంటరానివి చేసే చదువు, ఎన్ని మిషన్లు తెచ్చినా పాత అగ్రహారమే!