శునక సంతతియు సూదిమందును

కుక్కకాటునకు చెప్పుదెబ్బ యను సామెత మన పురపాలక సంఘములకు చిరకాలము రాజనీతిగా నుండెను. చిత్తూరు సీమ యొకప్పుడు చేరియుండిన మదరాసు రాజధాని ముఖ్యపట్టణమున కార్పొరేషనువారు వీథికుక్కలను పట్టి చంపించుటయే పనిగా దశాబ్దములు గడిపిరి. 1996లో ఆ పద్ధతిని విడిచి, శస్త్రచికిత్సచే సంతతి నాపు పద్ధతిని చేపట్టునాటికి కుక్కలును తగ్గలేదు, పిచ్చికుక్క కాటు మరణములును తీరలేదు. ఒకదానిని చంపిన చోటికి ప్రక్కవీథి కుక్క వచ్చి చేరును. ఎంగిలి విస్తరి యున్నంతకాలము ఆ ఖాళీ నిండక మానదు.

దినమునకు సుమారు 60, 70 వేలమంది యాత్రికులు వచ్చిపోవు తిరుపతిలో ఎంగిలి విస్తళ్లకు కొదువ యేమి? కాలభైరవుని వాహనమనియు, ధర్మరాజును స్వర్గద్వారము వఱకు వెంబడించిన జాతియనియు దానికొక ముద్ద వేయు జనులే, అది పిల్లవానిని కఱచిననాడు కఱ్ఱలు పట్టుదురు. రేబీసుచే ప్రపంచమున ఏటేట సుమారు 59 వేలమంది చనిపోవుచున్నారనియు, అందు మూడవవంతు వఱకు భారతీయులే యనియు ప్రపంచారోగ్య సంస్థవారి అంచనా. అనుమానాస్పద జంతువులచే కఱవబడువారిలో నూటికి 40 మంది 15 ఏండ్లలోపు పిల్లలు.

చట్టము మార్గము చూపియే యున్నది. 2001 నాటి నిబంధనలకు బదులుగా 2023లో వచ్చిన క్రొత్త నిబంధనలు కుక్కలను పట్టి, శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెనని చెప్పుచున్నవి. 2025 ఆగస్టు 22న సుప్రీముకోర్టువారును, పిచ్చిపట్టినవానిని, మీదబడి కఱచు స్వభావముగలవానిని మినహాయించి, ఇదియే విధి యనిరి. ఆసుపత్రులు, పాఠశాలలు, బస్సుస్టాండులు, రైల్వేస్టేషనులనుండి పట్టినవానిని మరల అచ్చట విడువరాదని నవంబరు 7న ఉత్తరువిచ్చిరి. కాని ఉత్తరువు కత్తి పట్టదు. పశువైద్యుడు, శస్త్రచికిత్సాశాల, పిదప గాయము మానువఱకు ఉంచుటకు గూళ్లు, ఇవన్నియు గావలెను. పనియంతయు ఈ యిఱుకు సందులోనే చిక్కువడుచున్నది.

మగకుక్కల విషయమున కత్తితో పనిలేని మార్గము లున్నవి. వృషణములలోనికి సూదితో ఔషధమెక్కించి వానిని నిర్వీర్యములుగా జేయుట యందొకటి. జింకు లవణముతో చేసిన యిట్టి మందునకు 2003లో అమెరికా ఔషధశాఖ యామోద మిచ్చినది. అది 2014లో వేఱుపేరుతో మరల అంగడికి వచ్చియు నిలువజాలలేదు. దానివలన సంతానశక్తి పోవునుగాని పుంస్త్వరసము కొంత మిగులును. కావున తిరుగుడును, కలహమును పూర్తిగా మానవు. చర్మము క్రింద నుంచు డెస్లోరెలిన్ బిళ్ల మఱియొకటి. ఇది ఆఱుమాసములో, ఒక సంవత్సరమో పనిచేయును. ఆ పిమ్మట మరల పెట్టవలయును. ఇంటికుక్కకు సరియే. వీథికుక్కను ఏటేట వెదకి పట్టువా రెవరు?

మూడవది మన దేశమున పుట్టిన విద్య. వంగదేశపు పరిశోధకులు జానా, సామంత యనువారు సాధారణమైన కాల్షియము క్లోరైడును ఒక్కమాఱు సూదితో నెక్కించి వీథి మగకుక్కల సంతానశక్తిని పోగొట్టవచ్చునని 2007లో ప్రకటించిరి. 2014లో ఇటలీవారు దానిని సారాయములో నూటికి 20 పాళ్లుగా కలిపి యిచ్చుట మేలని తేల్చిరి. ఇంత చవుకైన మందు ఏల వ్యాప్తికి రాలేదు? చవుకగుటయే దాని నేరము! ఎవరైనను కలుపుకొనగల లవణమునకు పేటెంటు లాభము లేదు. లాభములేని మందునకు పరీక్షల వ్యయము భరించి ప్రభుత్వముల యామోదము తెచ్చు కంపెనీ లేదు. అమెరికాలోనొక దాత 2008లో, ఆడ మగ కుక్కలకును పిల్లులకును ఒక్కమోతాదుతో పనిచేయు మందు కనుగొన్నవారికి రెండున్నర కోట్ల డాలర్ల బహుమతి ప్రకటించెను. మన విద్యకు మనవారు పట్టెడు సొమ్మైన ప్రకటింపరైరి.

అట్లని ఈ సూదిని సర్వరోగ నివారిణిగా మేము చాటుట లేదు. ఇది నొప్పిలేని క్రియ కాదు. మత్తుమందీయక చేయుట క్రౌర్యము. మందు వెలికి జాఱిన చర్మము కుళ్లి పుండు పడును. అనుభవములేని చేతుల కప్పగింపరాదు. అన్నిటికిని మించినది, పది మగకుక్కలలో తొమ్మిదింటి నాపినను, మిగిలిన యొక్కటియే వాడలోని ఆడకుక్కల కన్నిటికిని చాలును. పిల్లలను కనునది ఆడది. ఏటికి రెండు ఈతల వఱకు ఈనగలదు. కనుక కత్తి మొదట ఆడకుక్కలకే వినియోగపడవలయును. సూదివలన లాభమిచ్చటనే. మగకుక్కలపని సూదితో తీఱెనేని, వానికై వెచ్చించు వైద్యుని కాలమును, గూళ్లును ఆడకుక్కలకు దక్కును. పట్టిన ప్రతి మగకుక్కకును అదే పూట రేబీసు టీకా వేయవచ్చును. నూటికి 70 కుక్కలకు టీకా పడిననే గాని యీ వ్యాధి గొలుసు తెగదని శాస్త్రజ్ఞుల మతము.

తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుండి యున్నది. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము 2005లో వెలసినది. ఈ పరీక్షకు ఇంతకంటె తగిన తావేది? జంతుసంక్షేమ మండలి పర్యవేక్షణమున, తగిన యనుమతులతో, కొన్ని వార్డులలోని మగకుక్కలకు ఈ చికిత్స చేసి, రెండేండ్లు కనిపెట్టి, పుండ్లు పడినవెన్ని, మరల పరీక్షింప సంతానశక్తి మిగిలినవెన్ని, ఒక్కొక్కదానికైన వ్యయమెంత యను లెక్కలను తెలుగున బహిరంగముగా ప్రకటింపవలయును. వ్యయమును తిరుపతి, చిత్తూరు నగరపాలక సంఘములును రాష్ట్ర ప్రభుత్వమును పంచుకొనవలయును. అంతవఱకు ఆడకుక్కల శస్త్రచికిత్సలును, టీకాలును, హోటళ్ల యెంగిలిని ప్రొద్దుగూకకముందే ఎత్తివేయుటయు నొక్కదినమైన నాగరాదు.